మీ ల్యాబులో గుడ్డ కప్పిన మెషిన్: మెకానికల్ హెచ్‌ఓడీలకు ఒక బహిరంగ లేఖ

కానూరు నుంచి మైలవరం దాకా, ఇటు వడ్డేశ్వరం నుంచి వడ్లమూడి దాకా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల, పాలిటెక్నిక్‌ల మెకానికల్ హెచ్‌ఓడీ గార్లకు,

నమస్కారం.

ఈ ఉత్తరం రాయడానికి కారణం నలభై రెండు ఆయిల్ చాంబర్లు, అంటే ఇంజను అడుగున నూనె నిలిచే గిన్నెలు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ప్రెస్ షాపు, అంటే ఇనుప రేకుని అచ్చులో నొక్కి సామాన్లు చేసే షెడ్డు, నడుపుతున్నాను. మూడు పవర్ ప్రెస్‌లు, ఒక హైడ్రాలిక్ ప్రెస్, ఒక షేరింగ్ మెషిన్, ఏడుగురు మనుషులు. లారీలకు, ట్రాక్టర్లకు చాంబర్లు, ఎయిర్ క్లీనర్ బౌళ్లు, డీజిల్ ట్యాంకు డిష్‌లు కొడతాం. నా చదువు ఐటీఐ ఫిట్టర్. కింద రాసిన లెక్కల్లో ఎక్కడన్నా తప్పు దొర్లితే మీరే దిద్దండి. దిద్దించుకోవాలనే రాస్తున్నాను.

పోయిన వేసవిలో 300 చాంబర్ల ఆర్డరు వచ్చింది. 18 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్, వేడి చేయకుండా రోల్ చేసిన ఉక్కు) షీటు. డై (అచ్చు) ఆరేళ్ల నుంచి నా దగ్గరే ఉంది, దాని గుణం నాకు తెలుసు. మొదటి లాటు షీటుతో 180 ముక్కలు ఒక్కటి కూడా చెడకుండా దిగాయి. షీటు అయిపోతే అదే డీలరు దగ్గర ఇంకో లాటు తెచ్చాం. మర్నాడు పొద్దున ఆరో ముక్కకే టక్‌మంది. ఎండుకొబ్బరి చిప్ప విరిగినట్టుండే చిన్న, పొడి చప్పుడు అది. ప్రెస్ మీద పనిచేసినవాడికి ఆ చప్పుడు వింటే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టుంటుంది. ముక్క తీసి చూస్తే పొడుగు పక్క గోడ మీద, అడుగు వంపుకి రెండు వేళ్ల పైన, గీత గీసినట్టు అడ్డంగా చిరుగు.

డై తుడిచాం. నూనె మార్చాం. బ్లాంకు (కొట్టడానికి కోసిన షీటు ముక్క) అంచుని నొక్కి పట్టే బ్లాంక్ హోల్డరు ప్రెజరు తగ్గిస్తే చిరుగు ఆగింది కానీ అంచంతా ముడతలు పడింది. మళ్లీ పెంచితే మళ్లీ టక్. చివరికి పాత తరం మేస్త్రీల చిట్కా ప్రయోగించాం: బ్లాంకుకీ డైకీ మధ్య పాలిథిన్ కవరు కత్తిరించి పెట్టడం. దానితో కొన్ని బయటపడ్డాయి. మొత్తం మీద నలభై రెండు పోయాయి. షీటు కొన్న ధరకీ, స్క్రాపు అమ్మిన ధరకీ తేడా ఎంతుంటుందో మీకు చెప్పక్కర్లేదు. కూలీ, కరెంటు, మాటపడటం అదనం.

డీలరు దగ్గరికి రెండు ముక్కలు పట్టుకెళ్లాను. ఆయన్నేం తిట్టబోవడం లేదు, పేరు కూడా రాయను. ఎక్కడికెళ్లినా ఇదే మాట వస్తుంది.

"మైక్రోమీటరు పెట్టి చూస్కో అన్నయ్యా. 1.2 ఉందా, లేదా?"

"ఉంది."

"మరింకేంటి? డై అరిగిపోయుంటది, చూస్కో."

టెస్టు సర్టిఫికెట్ అడిగితే సాయంత్రానికి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. అందులో కాయిల్ నంబరుంది. నా షీట్లు ఆ కాయిల్‌వేనా అంటే ఎవరూ చెప్పలేరు. కాయిల్ మీద ఐఎస్‌ఐ మార్కు, గ్రేడు, హీట్ నంబరు (ఉక్కు కాచిన విడత నంబరు) అన్నీ లేబులు మీద ఉంటాయి. దాన్ని పట్టీలుగా, ఎనిమిది బై నాలుగు షీట్లుగా కోసి చిల్లరగా అమ్మేసరికి లేబులు చెత్తబుట్టలోకి పోతుంది. మాకు దక్కేది పాత అలవాటు పేర్లే: ఓ (మామూలు), డీ (డ్రాయింగ్, అంటే డైలోకి లాగే పనికి), డీడీ (డీప్ డ్రాయింగ్), ఈడీడీ (ఎక్స్‌ట్రా డీప్ డ్రాయింగ్). ఈ షీటుకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 513లో వీటిని సీఆర్1, సీఆర్2 అంటూ సీఆర్5 దాకా అంకెల్లోకి మార్చి చాలా ఏళ్లయింది. బజారులో మాత్రం ఇంకా "డీడీ ఇవ్వనా, ఈడీడీ ఇవ్వనా" అనే అడుగుతారు. డీడీ అని ఇచ్చింది డీడీయేనని నమ్మడమే తప్ప ఇంకో దారి లేదు.

మందం కొలవడానికి నా జేబులో మైక్రోమీటరుంది. షీటు ఎంత దూరం సాగి తెగుతుందో కొలిచేది నా జేబులో పట్టదు. అది మీ దగ్గరుంది.

మా అక్క కొడుకు మీలో ఒకరి కాలేజీలో థర్డ్ ఇయర్ మెకానికల్. చిరిగిన ముక్క చూసి, "మామయ్యా, రెండు లాట్ల నుంచీ రెండేసి పట్టీలు కోసివ్వు, మా యూటీఎం మీద లాగిద్దాం" అన్నాడు. యూటీఎం అంటే లోహాన్ని తెగేదాకా లాగి చూసే మెషిన్. కోసిచ్చాను. మూడు వారాలు తిరిగాడు. ముందు హెచ్‌ఓడీ గారి పర్మిషను, తర్వాత ప్రిన్సిపాల్ గారికి లెటరు, తర్వాత ఇంటర్నల్ పరీక్షలు, ఆ తర్వాత అక్రెడిటేషన్ వాళ్లొస్తున్నారని ల్యాబుకి రంగులు. నాలుగో వారంలో ల్యాబు చూసే పెద్దాయనే జాలిపడి, "మధ్యాహ్నం భోజనాల వేళ రండి" అన్నాడు.

నేనూ వెళ్లాను. ఆ పావుగంట గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

పట్టీ మీద ముందే స్క్రైబరుతో ప్రతి 10 మిల్లీమీటర్లకూ ఒక గీత గీసుకున్నాం. యూటీఎం దవడల్లో బిగించి లాగుతుంటే మొదట ఏమీ జరుగుతున్నట్టు అనిపించదు. కాసేపటికి మెరుస్తున్న షీటు మీద నెమ్మదిగా మసక కమ్ముతుంది, అద్దం మీద ఊపిరి ఊదినట్టు. గీతలు ఒకదానికొకటి సమానంగానే దూరం జరుగుతుంటాయి. అప్పుడు, ఎక్కడో ఒకచోట, రెండు గీతల మధ్య పట్టీ సన్నబడి నడుము పడుతుంది. ఆ క్షణం నుంచి మిగతా పట్టీ సాగడం మానేస్తుంది. సాగుడంతా ఆ నడుములోనే. ఇంకాసేపటికి అక్కడే తెగుతుంది.

తెగిన చోటు వదిలేసి, దానికి దూరంగా ఐదు గీతల వ్యవధి కొలిచాం. మొదట 50 మిల్లీమీటర్లు ఉన్నది మొదటి లాటు పట్టీలో 61.5 అయింది. రెండో లాటులో 58.5. తేడా 3 మిల్లీమీటర్లు, సగం బియ్యపు గింజంత. నా నలభై రెండు చాంబర్లూ ఆ సగం గింజలోనే పోయాయి.

నడుము పడేదాకా పట్టీ అంతటా సమానంగా సాగిన ఈ సాగుడుకీ, మీరు పాఠంలో చెప్పే 'ఎన్' విలువకీ దగ్గరి చుట్టరికం ఉందట. 1కి ఆ సాగుడు కలిపి సహజ లాగరిథమ్ తీస్తే సుమారుగా ఎన్ వస్తుంది. మొదటి లాటుది 23 శాతం, ఎన్ 0.21కి దగ్గర. రెండోది 17 శాతం, ఎన్ 0.16కి దగ్గర. ఎక్స్‌టెన్సోమీటరు (సాగుడు కొలిచే పరికరం) పెట్టి గ్రాఫు గీసి తీసే పద్ధతే సరైనదని మా మేనల్లుడు గొణిగాడు. నిజమే అయ్యుంటుంది. నాకు గీతలూ స్కేలూ చాలు.

ఎన్ అంటే నాకర్థమైన మాట చెబుతాను. షీటు సాగుతున్నకొద్దీ ఎంత గట్టిపడుతుందో చెప్పే అంకె అది. ఒకచోట కాస్త ఎక్కువ సాగితే అక్కడ గట్టిపడాలి. అప్పుడు "ఇక్కడ చాలు, మీరు సాగండి" అని పక్కవాళ్ల మీదకి పని తోసేస్తుంది. ఎన్ తక్కువైతే ఆ తోయడం చేతకాదు. మొదట ఎక్కడ పలచబడిందో అక్కడే ఇంకా ఇంకా పలచబడి చిరుగుతుంది. ఉమ్మడి కుటుంబంలో పనంతా ఒక్క కోడలి మీద పడ్డట్టు.

ఇక చాంబరు సంగతి. పట్టీ లాగితే షీటు గుణం తెలుస్తుంది, నా డై దాన్ని ఎక్కడ ఎంత లాగుతోందో తెలియదు. దానికి బ్లాంకు మీద ముందే వలయాలు ముద్రించి, ప్రెస్ కొట్టాక అవి ఏ ఆకారంలోకి మారాయో కొలవాలి. 1960లలో అమెరికాలో కీలర్ అనే ఆయన ఈ పద్ధతికి దారి వేశాడని, 1968లో గుడ్విన్ అనే ఆయన మిగతా సగం పూర్తి చేశాడని మా వాడి పుస్తకంలో ఉంది. ఇద్దరూ కలిసి గీసిన పటాన్నే మీరు ఫార్మింగ్ లిమిట్ డయాగ్రమ్ అంటారు. మా భాషలో సాగే హద్దు పటం. షీటు ఒక దిక్కున ఎంత, దానికి అడ్డంగా ఎంత సాగితే చిరుగుతుందో చూపే గీత అందులో ఉంటుంది.

వలయాలు ముద్రించడానికి ముందు పెళ్లి కార్డుల స్క్రీన్ ప్రింటింగ్ చేసే కుర్రాడిని పట్టుకున్నాను. "షీటు మీద గుండ్రాలేంటి బాబాయ్, ముగ్గులేస్తారా?" అని నవ్వాడు కానీ 5 మిల్లీమీటర్ల వలయాలతో స్క్రీన్ చేసిచ్చాడు. సిరా డై నూనె తగలగానే చెరిగిపోయింది. తర్వాత అదే డిజైనుతో స్టెన్సిల్ చేయించి, షీటుని లారీ బ్యాటరీ ప్లస్‌కి కలిపి, మైనస్ తీగను ఉప్పునీళ్లలో తడిపిన ఫెల్టు ముక్క చుట్టిన ఇనుప దిమ్మకి కలిపి, స్టెన్సిల్ మీద అద్దాం. రెండు మూడు సెకన్లు. స్టెన్సిల్ ఎత్తితే బూడిదరంగు వలయాలు చక్కగా పడ్డాయి. ఎంత నూనె పూసినా పోలేదు. ప్రయోగశాలల్లో ఇంకా చిన్న వలయాలు, 2.5 మిల్లీమీటర్లవి, వాడతారు. వలయం పెద్దదైతే లోపలి ఎత్తుపల్లాలు కలిసిపోయి సగటు లెక్కే వస్తుంది, అసలు ప్రమాదం కొంచెం తక్కువగా కనిపిస్తుంది. నా కళ్లకి, నా వెర్నియరుకి 5 కంటే చిన్నవి కష్టం. నలభై అయిదు దాటాయి.

మంచి లాటు షీటులో రెండు ముక్కలు మిగిలాయి. వాటి మీద వలయాలు వేసి చాంబరు కొట్టి చూస్తే, వలయాలన్నీ కోడిగుడ్లయ్యాయి. అడుగున కాస్త పెద్దవైన గుండ్రాలు. మూల దగ్గర గోడ మీద సన్నగా పొడుగ్గా సాగినవి: 5 ఉన్నది పొడవు 7, వెడల్పు 4. అంటే ఒకవైపు 40 శాతం సాగింది, అడ్డంగా 20 శాతం కుదించుకుపోయింది. పొడుగు పక్క గోడ మీద, సరిగ్గా రెండో లాటులో చిరిగిన చోట, పొడవు 6.6, వెడల్పు 5కి 5. సాగుడు 32 శాతం, అడ్డంగా సున్నా.

నలభై శాతం సాగిన మూల ఏ లాటులోనూ చెక్కుచెదరలేదు. ముప్పై రెండే సాగిన పక్కగోడ చిరిగింది. పాతికేళ్లు ప్రెస్ మీద ఉన్నాను. ఎక్కువ సాగిన చోటే చిరుగుతుందని నమ్మి, ప్రతిసారీ మూలలే పాలిష్ చేసుకుంటూ వచ్చాను.

దీనికి కారణం మీరు బోర్డు మీద అయిదు నిమిషాల్లో చెప్పేది. నాకు మూడు రాత్రులు పట్టింది. సైకిల్ ట్యూబు ముక్క లాగి చూడండి, పొడవు పెరిగేటప్పుడు వెడల్పు తగ్గుతుంది. ఉన్న సరుకు ఉన్నంతే కాబట్టి పొడవుకి కావలసినది వెడల్పులోంచి కొంత, మందంలోంచి కొంత వస్తుంది. చాంబరు మూలలో జరిగేది అదే. అంచు నుంచి షీటు లోపలికి జారి వస్తూ అడ్డంగా నొక్కుకుంటుంది, మందానికి పెద్దగా దెబ్బ లేదు. పొడుగు పక్క గోడలో ఆ వీలు లేదు. అటూ ఇటూ ఉన్న షీటు పట్టుకుని ఉంటుంది, వెడల్పు తగ్గనివ్వదు. సాగిన ప్రతి ఇసుమంతా మందంలోంచే రావాలి. అందుకే హద్దు పటంలో అడ్డం సాగుడు సున్నా ఉన్న చోట గీత అన్నిటికంటే కిందికి దిగుతుంది. అక్కడి నుంచి ఎడమకి (అడ్డంగా కుదించుకునే వైపు) వెళ్లినా, కుడికి (అడ్డంగా కూడా సాగే వైపు) వెళ్లినా పైకి లేస్తుంది. చూడ్డానికి ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది.

కుడి పక్క ఎందుకు లేస్తుందో మాత్రం మా మేనల్లుడితో పెద్ద వాదనే అయింది. రెండు వైపులా లాగితే మందం ఇంకా తగ్గాలి కదా, ముందే చిరగాలి కదా అని నా పట్టు. మందం తగ్గే మాట నిజమేనట. కానీ చిరగాలంటే ముందు సన్నటి గీతలా నడుము కుదురుకోవాలి, రెండు వైపులా సమానంగా లాగుతున్నప్పుడు ఆ గీతకి కుదురు దొరకడం కష్టమట. అరిటాకు మీద బొబ్బట్టు తట్టేటప్పుడు మా ఆవిడ పిండిని చుట్టూ తిప్పుతూ ఒత్తుతుంది కానీ ఒకే గీత మీద వేలు పెట్టి లాగదు. ఎందుకని అడిగితే, "అలా లాగితే పూర్ణం బయటికొస్తుంది, తెలీదా?" అంది.

ఆ 'వి' అడుగు ఎంత ఎత్తులో ఉందో తెలుసుకోవడానికి మామూలు ఉక్కు షీటుకి ఒక మోటు సూత్రం ఉంది. మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 14.13తో గుణించి, 23.3 కలపాలి. వచ్చినదాన్ని ఎన్‌తో గుణించి 0.21తో భాగించాలి. నా 1.2 మిల్లీమీటర్ల షీటుకి ఎన్ 0.21 అయితే హద్దు సుమారు 40 శాతం. ఎన్ 0.16 అయితే 31. నా డై అడుగుతున్నది 32. మొదటి లాటు ఇవ్వగలిగింది, రెండోది ఇవ్వలేకపోయింది. (ఇది తక్కువ కార్బన్ ఉక్కుకి, 3 మిల్లీమీటర్ల లోపు షీటుకి మాత్రమే. స్టెయిన్‌లెస్‌కి, అల్యూమినియానికి పనికిరాదు. పాత్రలు కొట్టే మిత్రులు దీన్ని పట్టుకుని నా మీదకి రావద్దు.) మందం పెరిగితే హద్దు పెరుగుతుందని కూడా ఆ సూత్రంలోనే ఉంది, కాబట్టి డీలరు మాట సగం నిజం. మిగతా సగం ఎన్ దగ్గరుంది, దాన్ని చూసేందుకు బజారులో ఎవరి దగ్గరా ఏమీ లేదు.

తప్పంతా షీటు మీదకి నెట్టి కూర్చోను. హద్దుకి ఒక 10 శాతం కిందే ఉండేలా డై చేసుకోవాలని ఈ పనిలో ఉన్న నియమం. హద్దు 40 అయినా నేను 30 దాటకూడదు. ఆరేళ్లుగా 32 మీద నడుస్తున్నానంటే ఇన్నాళ్లూ షీటు దయ మీద బతికానన్నమాట. డై విప్పి, పంచ్ (షీటుని డైలోకి నెట్టే దిమ్మ) అడుగు వంపు 6 నుంచి 9 మిల్లీమీటర్లకి పెంచి, పాలిష్ పట్టాను. మళ్లీ వలయాలు వేసి కొడితే పక్కగోడలో 5 ఉన్నది 6.35 అయింది. 27 శాతం. ఆ రెండో లాటులో మిగిలిన షీట్లతోనే పాలిథిన్ కవరు లేకుండా 70 ముక్కలు దిగాయి, ఒక్కటి చిరిగింది. ఎన్ 0.16 షీటుతో 27 అంటే హద్దుకి నాలుగే తక్కువ, అందుకే ఆ ఒక్కటి. ఇంతకంటే వంపు పెంచితే ఇంజను కింద అమరదు.

అసలు రెండో లాటు అలా ఎందుకుందో నాకు తెలియదు. గ్రేడే వేరు కావచ్చు. పాతబడి ఉండొచ్చు. కొన్ని రకాల ఉక్కు నిలవ ఉంటే లోపలి కార్బన్, నైట్రోజన్ వల్ల బిగుసుకుంటుంది, ఎండకి ఇంకా త్వరగా. రేకుల షెడ్డు గోడౌనులో మే నెల బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అలాంటి షీటు డైలో పడితే మొదట పాము చారల్లాంటి గీతలు తేలతాయి. రెండో లాటులో కొన్నిటి మీద అవి చూశాను, రంగు వేస్తే పోతాయిలే అనుకున్నాను.

అయ్యా, ఇదంతా నాకు తెలిసింది భోజనాల వేళ దొంగతనంగా వాడిన ఒక మెషిను వల్ల. ఆ రోజు అదే ల్యాబులో కిటికీ పక్కన ఇంకో మెషిన్ చూశాను. పసుపుపచ్చ గుడ్డ కప్పి ఉంది. గుడ్డ ఎత్తి చూస్తే ఎరిక్సన్ కప్పింగ్ టెస్టరు. 20 మిల్లీమీటర్ల గుండు, 27 మిల్లీమీటర్ల రంధ్రం, పక్కన డయలు. ముక్కకి గ్రాఫైట్ గ్రీజు రాసి బిగించి చక్రం తిప్పితే గుండు షీటులోకి దిగుతుంది. అవతల అద్దంలో బుడిపె పెరుగుతూ కనిపిస్తుంది, పగులు పడగానే ఆపి లోతు చదవడమే. ఒక ముక్కకి అయిదు నిమిషాలు. 1 మిల్లీమీటరు మందం మంచి డీప్ డ్రాయింగ్ షీటయితే 10 మిల్లీమీటర్ల పైనే దిగుతుంది. దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10175 కూడా ఉంది. డయలు ముల్లు మీద దుమ్ము నా వేలికి అంటింది. "ఇది దేనికి వాడతారు?" అని అడిగితే, "సెమిస్టరులో ఒక ఎక్స్‌పెరిమెంట్ ఉందండి, పోయినేడాది రికార్డు చూసి రాసేస్తారు" అన్నాడాయన. దాచకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఎరిక్సన్ ఒక్కటే సరిపోదని నాకు తెలుసు. అది రెండు వైపులా లాగే పరీక్ష, అంటే 'వి'లో కుడి కొమ్మ మీద ఒకే ఒక్క చుక్క. నా చాంబరు చిరిగిన చోటు 'వి' అడుగు చుక్క దగ్గరుంది. మొత్తం గీత కావాలంటే 100 మిల్లీమీటర్ల అర్ధగోళం పంచ్‌తో, సన్న పట్టీ నుంచి నిండు షీటు దాకా వేర్వేరు వెడల్పుల ముక్కలు కొట్టాలి. నకజిమా పద్ధతంటారు. సన్న ముక్క ఎడమ కొమ్మ, నిండు ముక్క కుడి కొమ్మ, మధ్య వెడల్పు అడుగు చుక్క. దీనికున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12004 ప్రకారం కనీసం అయిదు వెడల్పులు, ఒక్కోదానికి మూడు సరైన ముక్కలు. గ్రీజు సరిగా లేక చిరుగు శిఖరానికి దూరంగా పోతే ఆ ముక్క లెక్కలోకి రాదు. పోలండులో మార్చినియాక్ అనే ఆయన చదునైన పంచ్‌తో ఇంకో దారి చూపించాడు. పెద్ద కార్ల కంపెనీల్లో ఇప్పుడు షీటు మీద చుక్కలు చల్లి రెండు కెమెరాలతో సాగుడంతా సినిమాలా తీస్తారట. మీరు అవన్నీ కొనాలని ఎవరూ అడగడం లేదు. కొనమంటే మళ్లీ టెండరు, గుడ్డ, దుమ్ము.

నేనడిగేది చాలా చిన్నది. వారంలో ఒక మధ్యాహ్నం ఆ యూటీఎం, ఆ ఎరిక్సన్ మాకు తెరిచి ఉంచండి. శనివారమైతే మాకూ వీలు. లాటుకి రెండు పట్టీలు, రెండు కప్పింగ్ ముక్కలు తెస్తాం, మీరు చెప్పిన కొలతకి మేమే కోసి, అంచులు ఫైలు పట్టి తెస్తాం. ఫీజు ఎంతో గోడ మీద రాయండి, రసీదు ఇవ్వండి. షీటు రోలింగ్ దిక్కుకి పొడుగునా ఒకటి, అడ్డంగా ఒకటి లాగి, సాగుడు అంకె ఒక చీటీ మీద రాసిస్తే చాలు. మీలో కొందరు వెంటనే అనబోయే మాట నాకు తెలుసు: మా ల్యాబుకి ఎన్‌ఏబీఎల్ (పరీక్షల ల్యాబులకిచ్చే జాతీయ) గుర్తింపు లేదు, మేం సర్టిఫికెట్ ఇవ్వలేం. మాకు సర్టిఫికెట్ అక్కర్లేదండీ. దాన్ని కోర్టుకి పట్టుకెళ్లం. ఆ లాటు ప్రెస్ ఎక్కించాలా, వెనక్కి పంపాలా అని తేల్చుకోవడానికి అంకె కావాలి. సీలు వేసిన కాగితం కావలసిన రోజున హైదరాబాదు బాలానగర్ దాకా వెళ్లే ఓపిక మాకుంది. ప్రతి లాటుకీ అంత దూరం పోతే చాంబరు ధర మించిపోతుంది.

మెషిన్ పాడవుతుందనే భయం ఉంటే, మా ఆటోనగర్‌లో దాన్ని బాగుచేసే చేతులు మీ ఊహకి అందనన్ని ఉన్నాయి. హైడ్రాలిక్ సీలు పోతే వంద అడుగుల రోడ్డులో గంటలో దొరుకుతుంది. తెరిచి వాడే మెషిన్‌కి రిపేరొస్తే అది నా ఖర్చు. కావాలంటే రాసిస్తాను.

ఇంకో మాట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సంగతి. చాలామంది పిల్లలు ఎక్కడినుంచి తెస్తున్నారో మీకూ తెలుసు, మాకూ తెలుసు. అమీర్‌పేటలో డబ్బు కడితే రిపోర్టుతో సహా బస్సులో వస్తుంది. తొక్కితే కోసే రంపం, ఎండకి నడిచే సైకిలు, రెండేళ్లకోసారి రంగు మార్చి అదే. ఒకసారి ఒక వైవాకి బయట నుంచి పిలిస్తే వెళ్లి కూర్చున్నాను. వెల్డింగు ఎవరు చేశారు బాబూ అని అడిగితే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల తెలివి మీద నాకేం అనుమానం లేదు. చేతికి పని ఇవ్వలేదు, అంతే. నలుగురిని మా షెడ్డుకి పంపండి. వలయాల స్టెన్సిలు నా దగ్గరుంది, బ్యాటరీ ఉంది. ఒక చాంబరు మీద నూటయాభై వలయాలు కొలిచి పటం మీద చుక్కలు పెట్టి, ఏ చుక్క హద్దుకి దగ్గరగా ఉందో వాళ్లు నాకు చూపించాలి. తర్వాత పక్క షెడ్డులో ట్రాక్టరు మడ్‌గార్డు, ఆ పక్కన ట్యాంకు డిష్. గుంటూరు ఆటోనగర్‌లో మిత్రులు ఇద్దరు ఇప్పటికే అడిగారు, "మీవాడు మా డైకి కూడా గుండ్రాలేస్తాడా" అని. మా మేనల్లుడికి ఇప్పుడు ఫోర్త్ ఇయర్, క్యాంపస్ ఇంటర్వ్యూల తొందర. సాఫ్ట్‌వేరుకి పోతాడనే నా అనుమానం. పోనివ్వండి, వాడిష్టం.

నా తోటి ప్రెస్ షాపుల వాళ్లు ఈ ఉత్తరం చదివితే వాళ్లకీ ఒక మాట. కాలేజీ వాళ్లు తెరవకపోయినా, తెచ్చిన ప్రతి లాటు నుంచీ జానెడు వెడల్పు ముక్క ఒకటి కోసి, తేదీ, డీలరు పేరు చాక్‌పీసుతో రాసి, నూనె పూసి అటక మీద పెట్టుకోండి. చిరిగిన రోజున పోల్చడానికి మంచి లాటు ముక్క లేకపోతే ఏ మెషినూ ఏమీ చెప్పలేదు. నా దగ్గర రెండు మిగలబట్టే ఇంత తేలింది. అవీ తెలివిగా దాచినవి కావు, షేరింగ్ మెషిన్ వెనకాల పడిపోతే ఊడ్చేటప్పుడు దొరికాయి.

హెచ్‌ఓడీ గార్లూ, చిరిగిన చాంబర్లలో పదకొండు ఇంకా స్క్రాపుకి వేయలేదు. చిరుగు పక్కన సుద్దముక్కతో నంబర్లు రాసి, గోనె సంచిలో కట్టి, షట్టరు పక్కన పెట్టాను. రెండో లాటు షీటు కూడా సగం మిగిలింది. మీలో ఎవరు ముందు శనివారం మధ్యాహ్నం అని చెబితే వాళ్ల ల్యాబుకి ఆ సంచి నేనే ఆటోలో తీసుకొస్తాను. ల్యాబు చూసే పెద్దాయనకి ఒక క్యారేజీ భోజనం కూడా బాకీ ఉన్నాను.

ఇట్లు,
ఆటోనగర్, విజయవాడ నుంచి
ఒక ప్రెస్ షాపు యజమాని